కవితలో అలంకారాన్ని గుర్తుపట్టడం ఎలా? పాలమూరు, నల్లగొండ మాటలతో ఒక సమగ్ర మార్గదర్శి

అలంకారాలు చదువుకున్న విద్యార్థికి ఒక పద్యపాదం చూపించి అడిగితే ‘ఉపమ’ అని వెంటనే చెబుతాడు. ‘వలె’ కనబడింది, చెప్పేశాడు. ఆ పోలికతో కవి ఏం చెప్పాడని అడిగితే మాత్రం ఆగిపోతాడు. పదో తరగతి నుంచి టెట్, డీఎస్సీ దాకా చాలామందిది ఇదే పరిస్థితి. మార్కు వస్తుంది గానీ కవిత చేతికి రాదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: అలంకారం పేరు చివర రావాలి. ముందు మాట అర్థం కావాలి. ఆ మాట ఎక్కడ మామూలు దారి వదిలిందో కనబడాలి. ఎందుకు వదిలిందో తోచాలి. ఈ మూడూ జరిగితే పేరు దానంతటదే వస్తుంది.

ఈ చదువుకు మన దక్షిణ తెలంగాణ కొత్తది కాదు. ఒకప్పటి నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న రాచకొండను ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు 14వ శతాబ్ది చివరి కాలంలో ‘రసార్ణవసుధాకరం’ అనే లక్షణ గ్రంథం, అంటే కావ్యాల తీరుతెన్నులు చెప్పే శాస్త్ర గ్రంథం, రాశాడు. ఆయన ఆస్థానంలోని విశ్వేశ్వర కవి ‘చమత్కారచంద్రిక’ రాశాడు. చదివేవాడి మనసులో ఆనందం పొంగించేదే చమత్కారమని చెప్పి, దానికి గుణం, రీతి, రసం, వృత్తి, పాకం, శయ్య, అలంకృతి అని ఏడు కారణాలు చూపించాడు. అంటే ఆయన లెక్కలో అలంకారం ఏడింట్లో ఒకటి. కవితలో బాగున్న ప్రతిదానికీ ఏదో ఒక అలంకారం పేరు తగిలించాలని తాపత్రయపడే వాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సాధన కోసం ఒక చిన్న కవిత పెట్టుకుందాం. ఈ మార్గదర్శి కోసమే రాసింది. మొదట మామూలుగా చదవండి.

ఎండకాలం మా వాగు
ఉతికి ఆరేసిన ధోతి లెక్క ఉంటది.
గట్టు మీది తాళ్ళు
పోయినోళ్ళ తొవ్వ చూస్తున్నయేమో
మెడలు సాచి నిలవడ్డయి.
కూలి పోయిన ఊర్ల
ముసలి తలుపులు మూలుగుతున్నయి.
అవ్వ చేతుల
జొన్న రొట్టె చందమామ
అందరికీ పంచంగ
ఇంకా సగం మిగిలింది.

మొదటి మెట్టు: గొంతెత్తి చదవడం, తర్వాత వచనం చేసుకోవడం

కవితను కనీసం రెండుసార్లు పైకి చదవాలి. కళ్ళతో చదివితే శబ్దాలంకారాలు, అంటే మాటల చప్పుడులో ఉండే అలంకారాలు, సగం జారిపోతాయి. చదివేటప్పుడు పెన్ను పట్టుకోవద్దు.

తర్వాత ప్రతి వాక్యాన్నీ మామూలు వచనంలో పెట్టుకోండి. ఎవరు, ఏం చేశారు, ఎక్కడ, ఎప్పుడు. పాత పద్యమైతే సంధులు విడదీయాలి, క్రియను వెతకాలి, ఆ క్రియకు కర్త ఏదో చూడాలి. దీన్నే అన్వయం అంటాం. తాత్పర్యం రాయడం వేరు, అన్వయం వేరు. తాత్పర్యంలో మన సొంత మాటలు చొరబడతాయి, కవి పోలిక కరిగిపోతుంది. ‘వాగు ఎండిపోయింది’ అని తాత్పర్యం రాశామంటే ధోతి పోయినట్టే. అన్వయంలో మాత్రం ‘ఎండాకాలంలో మా వాగు ఉతికి ఆరేసిన ధోతిలా ఉంటుంది’ అని కవి మాట ఒక్కటీ పోకుండా ఉండాలి.

రెండో మెట్టు: మాట ఎక్కడ తట్టుకుంటుంది?

వచనం చేసుకున్నాక ఒక్కో వాక్యాన్నీ అడగండి: ఇది ఉన్నది ఉన్నట్టుగా నిజం కాగలదా? తాటిచెట్లకు మెడలుండవు, తలుపులు మూలగవు, రొట్టె చందమామ కాదు. అట్లా తట్టుకున్న చోట గీత పెట్టండి. అలంకారం చాలాసార్లు ఆ గీత కిందే ఉంటుంది.

శాస్త్రం ఈ తట్టుకోవడానికి ముఖ్యార్థబాధ అని పేరు పెట్టింది. సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడి ‘కావ్యప్రకాశం’ లక్షణావృత్తికి, అంటే మాట నేరు అర్థం వదిలి వేరే అర్థం ఇవ్వడానికి, మూడు షరతులు చెబుతుంది. మాట నేరుగా ఇచ్చే అర్థం కుదరకూడదు. కొత్తగా తీసుకునే అర్థానికి దానితో సంబంధం ఉండాలి. అట్లా చెప్పడం వాడుకలో స్థిరపడిందైనా కావాలి, లేదా దానికొక ప్రయోజనమైనా ఉండాలి. మన దగ్గర ‘ఊరంతా బొంబాయి పోయింది’ అంటారు. ఊరు కదలదు, కాబట్టి నేరు అర్థం కుదరదు. ఊరికీ ఊళ్ళో జనానికీ సంబంధం ఉంది, కాబట్టి జనం పోయారని తీసుకుంటాం. మరి ‘జనం పోయారు’ అనకుండా ‘ఊరంతా పోయింది’ అనడంలో ప్రయోజనమేమిటి? ఇళ్ళు, వాకిళ్ళు, మాటలు, పండుగ సందడి, అన్నీ ఖాళీ అయ్యాయని వినేవాడికి తగలాలి. ప్రాజెక్టు కట్టల మీద, రోడ్డు పనుల మీద దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్ కుటుంబాలకు ఈ వాక్యం వివరించాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, దీనికి నేను చాలా విలువ ఇస్తాను. తట్టుకున్నట్టు కనబడిన ప్రతి మాటా అలంకారం కాదు. ఈ వాక్యం చూడండి:

నీళ్ళు తాగి తాగి మా నడుములు వంగినయి.

వేరే ప్రాంతం పాఠకుడు దీన్ని అతిశయోక్తి అనుకోవచ్చు, లేదా లొంగిపోయిన బతుకుకు ప్రతీక అనుకోవచ్చు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్ళకు ఇది అక్షరాలా నిజం. భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లో చేరి ఎముకలు వంకరపోయిన మనుషుల్ని వాళ్ళు కళ్ళారా చూశారు. ఆ వాక్యానికి బలం పోలికలో లేదు, నిజంలో ఉంది. అట్లాగే ఎవరైనా ‘పొద్దు తిరిగినా నీడ కదలని గుడి’ అని రాస్తే కల్పన అనుకునే ముందు నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని గుర్తు చేసుకోవాలి. గర్భగుడిలో పగలంతా ఒకే చోట నీడ నిలిచి ఉండటమే ఆ గుడి ప్రత్యేకత. కవిత పుట్టిన నేల గురించి కొంత తెలియకుండా దేన్ని అలంకారం అనాలో, దేన్ని వాస్తవం అనాలో తేల్చలేం.

మూడో మెట్టు: ఏది ఇక్కడిది, ఏది తెచ్చి పెట్టింది?

తట్టుకున్న చోట రెండు వస్తువులు ఉన్నాయేమో చూడండి. ఒకటి కవి మాట్లాడుతున్న వస్తువు, అంటే ఉపమేయం. రెండోది దాని పక్కన తెచ్చి నిలిపినది, అంటే ఉపమానం. రెండింటికీ కలిసే గుణం సమానధర్మం. కలిపే మాట ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ.

మన కవితలో ఉపమేయం వాగు, ఉపమానం ఆరేసిన ధోతి, ఉపమావాచకం ‘లెక్క’. సమానధర్మం ఎక్కడుంది? కవి చెప్పలేదు. కాబట్టి ఇది లుప్తోపమ. చెప్పలేదు కనుక మనమే వెతకాలి, ఇక్కడే చాలామంది తొందరపడతారు. ‘తెల్లగా’ అని ఒక్క మాట రాసి ముందుకు పోతారు. కాస్త నిలబడితే ఇంకా కనబడతాయి: పొడవుగా పరుచుకోవడం, ఇసుక మీద గాలి గీసిన మడతలు, తడి లేకపోవడం. ‘ఉతికి’ అనే మాట కవి ఊరికే వేయలేదు. ఒకప్పుడు ధోతులు ఉతికింది ఈ వాగులోనే. ఇప్పుడు ఆ వాగే ఆరేసిన బట్ట అయింది. పోలికలో ఉపమానానికి తగిలించిన విశేషణాన్ని ఎప్పుడూ వదలొద్దు, కవి ఆలోచన తరచుగా అందులోనే ఉంటుంది.

ఉపమను బాగా పట్టుకుంటే మిగతావి తేలిక. అప్పయ్య దీక్షితులు ‘చిత్రమీమాంస’లో ఉపమను ఒక నటితో పోల్చాడు. కావ్యమనే రంగస్థలం మీద ఒక్కతే రకరకాల వేషాలు వేసి రసజ్ఞుల మనసు రంజింపజేస్తుందట. ఉత్ప్రేక్ష, రూపకం, దృష్టాంతం లాంటివి ఆ వేషాలే.

నాలుగో మెట్టు: కలిపే మాటను చూడటం

పాత పద్యాల్లో ఉపమావాచకాలు వలె, పోలె, కరణి, కైవడి, పగిది, భంగి, మాడ్కి, చందాన, అట్లు. ఈ జాబితా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, కంఠస్థం చేయడం మంచిదే. మన ప్రాంతపు వచన కవిత చదివేవాళ్ళు ఇంకో జాబితా తయారు చేసుకోవాలి: లెక్క, ఓలె, తీరు, తీరుగ, అసొంటి. ‘గుర్రం లెక్క ఉరికిండు’, ‘పువ్వోలె చూసుకున్నరు’, ‘రాయి తీరు నిలవడ్డడు’. ‘లెక్క’తో కాస్త జాగ్రత్తగా ఉండాలి. ‘ఆయన లెక్క చెప్పిండు’ అన్నప్పుడు ఆయన మాదిరిగా చెప్పాడా, ఆయన లెక్క అప్పజెప్పాడా అన్నది ముందూ వెనకా చూస్తే గానీ తేలదు.

ఇక కలిపే మాట ‘ఏమో’, ‘కాబోలు’, ‘గావచ్చు’, ‘అన్నట్టు’, పాత పద్యంలో ‘అనగ’, ‘ఒక్కొ’ అయితే అది ఉత్ప్రేక్ష వైపు మొగ్గుతుంది. తేడా ఇది. ఉపమలో కవి రెండూ వేరని ఒప్పుకుని కొంత పోలిక చూపిస్తాడు. ఉత్ప్రేక్షలో ఒకదాన్ని ఇంకొకటిగా ఊహిస్తాడు, తరచుగా ఒక కారణాన్ని గానీ ఉద్దేశాన్ని గానీ అంటగడతాడు. తాటిచెట్లు ఎత్తుగా ఉన్నాయి, అది నిజం. పోయిన వాళ్ళ కోసం చూస్తూ ఎత్తుగా నిలబడ్డాయేమో అన్నది ఊహ. ఎత్తుకు కవి సొంతంగా ఒక కారణం ఇచ్చాడు.

‘అట్టు’ దగ్గర చాలామంది పొరపడతారు. ‘పిల్ల నెమలి ఆడినట్టు ఆడింది’ అంటే ఉపమ. నెమలి ఆట లోకంలో ఉంది. ‘మబ్బులు ఆకాశానికి మసి పూసినట్టు కమ్ముకున్నాయి’ అంటే ఆకాశానికి మసి పూయడమనేది లోకంలో జరిగే పని కాదు, కవి కల్పించింది. కాబట్టి ఉత్ప్రేక్ష. తెచ్చిన దృశ్యం లోకంలో ఉందా, ఊహలో మాత్రమే ఉందా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. తేలని సందర్భాలూ ఉంటాయి, అక్కడ రెండు సమాధానాలకూ కారణం రాయవచ్చు.

ఐదో మెట్టు: కలిపే మాటే లేనప్పుడు

ఉపమేయం, ఉపమానం పక్కపక్కనే ఉండి మధ్యలో ఏ మాటా లేకపోతే రూపకం అయ్యే అవకాశం ఎక్కువ. రెండింటికీ భేదం లేదని కవి చెప్పేస్తాడు. అజ్ఞాన తిమిరం, సంసార సాగరం, విద్యాధనం ఇట్లాంటివే.

కష్టమంతా సమాసాల దగ్గర వస్తుంది. ‘ముఖపద్మం’ అంటే పద్మంలాంటి ముఖమా, ముఖమనే పద్మమా? మొదటిది ఉపమ, రెండోది రూపకం. సమాసం రెండింటికీ ఒకే తీరుగా కనబడుతుంది. దీనికి శాస్త్రంలో చక్కని పరీక్ష ఉంది: క్రియ ఎవరిదో చూడండి. ‘ముఖపద్మం నవ్వింది’ అంటే నవ్వేది ముఖం, కనుక ముఖానికే ప్రాధాన్యం, ఉపమ. ‘ముఖపద్మం విచ్చుకుంది’ అంటే విచ్చుకునేది పద్మం, కనుక రూపకం. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఈ ఒక్క పరీక్ష నేర్చుకుంటే సమాసాల దగ్గర టెన్షన్ సగం తగ్గుతుంది.

దీన్ని మన కవితకు పెట్టి చూద్దాం. ‘జొన్న రొట్టె చందమామ అందరికీ పంచంగ ఇంకా సగం మిగిలింది.’ పంచడం రొట్టెకు కుదురుతుంది, చందమామకు కుదరదు. ఆ లెక్కన ఉపమ వైపు వెళ్ళాలి. కానీ ‘సగం మిగిలింది’ రెండింటికీ కుదురుతుంది. సగం రొట్టె ఉంటుంది, సగం చంద్రుడూ ఉంటాడు. వాక్యం ఆగింది సగం దగ్గర. అక్కడ రొట్టె ఆకారం, చంద్రుడి ఆకారం ఒక్కటైపోయాయి. అందుకే దీన్ని రూపకమనే నేను చదువుతాను. వేరేవాళ్ళు ‘పంచంగ’ను పట్టుకుని ఉపమ అంటే వాళ్ళకూ ఆధారం ఉంది. పేరు దగ్గర ఇద్దరికీ తేడా వచ్చినా ఆ సగాన్ని ఇద్దరూ గమనిస్తే చాలు.

ఆరో మెట్టు: ఉపమేయాన్ని దాచేసినప్పుడు

కొన్నిసార్లు కవి తెచ్చిపెట్టిన వస్తువునే చెప్పి, అసలు వస్తువును మాయం చేస్తాడు. దీన్ని రూపకాతిశయోక్తి అంటారు. పేరు బరువుగా ఉన్నా మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిందే. పొడుపు కథలు చాలావరకు ఇవే.

‘తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది.’ పిట్ట ఉంది, ఉత్తరం లేదు. ‘చిటారు కొమ్మన మిఠాయి పొట్లం.’ పొట్లం ఉంది, తేనెపట్టు లేదు. విప్పేటప్పుడు మనం ఏం చేస్తున్నాం? ‘తోక లేని’, ‘తొంభై ఆమడలు’ అనే గుణాలను పట్టుకుని అవి ఇంకా దేనికి సరిపోతాయో వెతుకుతున్నాం. కవితలో ప్రతీకను విప్పడానికీ ఇదే పద్ధతి. ఆధునిక కవితలో ‘గద్ద’ అని వస్తే వెంటనే దోపిడీదారు అని రాసేయకుండా, ఆ కవితలో ఆ గద్ద చేస్తున్న పనులన్నీ వరుసగా రాసుకోండి. ఆ పనులన్నిటికీ సరిపోయేదే దాని అర్థం. రెండు పనులకు సరిపోయి మూడోదానికి సరిపోకపోతే మీ జవాబు ఇంకా దొరకలేదని అర్థం. పిల్లలకు అలంకారాలు చెప్పే ఉపాధ్యాయులు పొడుపు కథలతోనే మొదలుపెడితే బాగుంటుందని నా గట్టి నమ్మకం.

అతిశయోక్తిలో అందరికీ తెలిసిన రూపం ఇంకొకటి ఉంది, ఉన్నదాన్ని పెంచి చెప్పడం. ‘మా తాత నాగలి పడితే సాలు తెగకుండ కృష్ణ దాకా పోయేది.’ ఇక్కడ చూడాల్సింది పెంచిన దిక్కు. బలాన్నా, ఓర్పునా, భూమి మీది ప్రేమనా? ‘సాలు తెగకుండ’ అన్న మాట బలం కన్నా ఓర్పునూ నేర్పునూ ఎక్కువగా చెబుతోంది.

పోలికే లేని చోట

కవితలో ఏ పోలికా లేకపోయినా అలంకారం ఉండవచ్చు. స్వభావోక్తి అంటే ఉన్నదాన్ని ఉన్నట్టుగా, కళ్ళకు కట్టేలా చెప్పడం. పాత సంస్కృత ఆలంకారికుడు దండి తన ‘కావ్యాదర్శం’లో దీన్ని మొదటి అలంకారంగా పెట్టాడు. ఇంకో ఆలంకారికుడు భామహుడు మాత్రం ‘దీన్ని కొందరు అలంకారమంటారు’ అని మాత్రమే చెప్పి ఊరుకున్నాడు. ఆయనకు మాటలో వంపు ఉండాలి. ఈ వాదంలో నేను దండి పక్షం. అమ్రాబాద్ అడవిలో దుప్పి చెవులు నిక్కబొడుచుకుని, ముందరి కాలు ఒకటి లేపి, గాలి వాసన చూసి, ఒక్క దుముకులో పొదల్లో కలిసిపోయిందని రాస్తే, అందులో పోలిక వెతికితే దొరకదు. గొప్పతనమంతా ఏ కదలికను ఎంచుకున్నాడు, ఏ వరుసలో పెట్టాడు అన్నదాంట్లో ఉంది. పోలిక లేదని నిర్ధారించుకున్నాక వరుసను చూడండి.

ప్రాణం లేనివాటికి మనిషి పనులు అంటగట్టడాన్ని ఇప్పుడు మానవీకరణ, చేతనారోపణ అంటున్నాం. మన కవితలో మూలుగుతున్న తలుపులు అదే. బిజాగరి తుప్పు పట్టి చేసే కిర్రు శబ్దం నిజం, మూలుగు కవి తెచ్చింది. ‘ముసలి’ అనే విశేషణం ఊళ్ళో మిగిలిన మనుషులది, దాన్ని తలుపుకు పెట్టాడు. దానితో ఇంట్లో ఎవరున్నారో చెప్పకుండానే చెప్పినట్టయింది.

ఏడో మెట్టు: ఒక్క మాటకు రెండు అర్థాలు

శ్లేషను గుర్తుపట్టే పద్ధతి తేలిక, ఓపిక కావాలి. అనుమానం వచ్చిన మాటను రకరకాలుగా విరిచి చూడాలి. మన కవితలో ‘కూలి పోయిన ఊరు’ ఉంది. కలిపి చదివితే శిథిలమైన ఊరు. విరిచి చదివితే కూలికి పోయిన ఊరు. మన మాటల్లో ‘కూలి పోయిండు’, ‘కైకిలి పోయింది’ అని విభక్తి లేకుండానే అంటాం కదా. రెండు అర్థాలూ ఆ సందర్భంలో కుదరాలి, అదే షరతు. ఇక్కడ రెండూ కుదరడమే కాదు, ఒకటి రెండోదానికి కారణం కూడా. జనం కూలికి పోయారు కాబట్టే ఊరు కూలిపోయింది. శ్లేష ఇట్లా అర్థంలో కలిసినప్పుడే దానికి విలువ. ఊరికే రెండు అర్థాలు వచ్చాయంటే అది మాటల నేర్పు వరకే.

ఆ నేర్పును కొసదాకా తీసుకుపోయిన వాళ్ళు కూడా మన వాళ్ళే. కృష్ణ ఒడ్డున జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి మాధవరాయలు ‘చంద్రికాపరిణయం’ అనే శ్లేషల ప్రబంధం రాశాడు. ఆ సంస్థానపు ఆశ్రయం పొందిన ఎలకూచి బాలసరస్వతి ‘రాఘవ యాదవ పాండవీయం’లో రాముడి కథ, కృష్ణుడి కథ, పాండవుల కథ మూడూ ఒకే పద్యాల్లో నడిపించాడు. అట్లాంటి పద్యాన్ని మొదటిసారే మూడు అర్థాల్లో చదవాలని చూడొద్దు. ఒక కథను పట్టుకుని పూర్తిగా అన్వయించుకోండి, తర్వాత రెండోదానికి రండి. నిఘంటువు పక్కన ఉండాలి.

చెవితో పట్టుకునేవి

శబ్దాలంకారాలు మొదటి మెట్టులో పైకి చదివినప్పుడే తగిలి ఉంటాయి. త్వరగా చూద్దాం. ‘గట్టు మీది గడ్డి గాలికి గలగలమంది’ అంటే ఒకే హల్లు మళ్ళీ మళ్ళీ వచ్చింది, వృత్త్యనుప్రాస. ‘కూలి కూలిన గోడ లేపిండు’ అంటే అర్థం వేరైన హల్లుల జంట వెంటవెంటనే వచ్చింది, ఛేకానుప్రాస. ‘మా ఊరి వాగు ఎండల ఏమి వాగు’ అన్నప్పుడు అదే మాట వేరే అర్థంతో ఎడంగా వచ్చింది, యమకం. ‘అవ్వ చేసిన రొట్టె రొట్టె’ అన్నప్పుడు మాటా అర్థమూ ఒకటే, తాత్పర్యం మారింది. రెండో ‘రొట్టె’కు ‘అసలైన రొట్టె’ అని భావం, ఇది లాటానుప్రాస. ఒక పాదం ముగిసిన మాటతో తర్వాతి పాదం మొదలైతే ముక్తపదగ్రస్తం. పాదాల చివర ఒకే శబ్దం వస్తే అంత్యానుప్రాస. బతుకమ్మ పాటలో ప్రతి పాదం చివరా వచ్చే ‘ఉయ్యాలో’ను నేను అంత్యానుప్రాస కింద లెక్కించను, అది పాటకు పల్లవి లాంటిది. దాని ముందున్న మాటల్లో శబ్దం కలిసిందేమో చూస్తాను.

శబ్దం దగ్గర కూడా ఎందుకని అడగాలి. ‘ముసలి తలుపులు మూలుగుతున్నయి’ పాదంలో మకార లకారాలు మళ్ళీ మళ్ళీ వచ్చి ఆ మూలుగునే వినిపిస్తాయి. అట్లా అర్థానికి పనికొస్తేనే మీ వివరణలో రాయండి.

చివరి మెట్టు: చెప్పనిది ఏమిటి?

అలంకారాలన్నీ గుర్తుపట్టాక కూడా కవితలో ఇంకేదో మిగులుతుంది. దాన్ని వ్యంగ్యార్థం అంటారు, ధ్వని అంటారు. ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో కావ్యానికి ఆత్మ ఇదేనన్నాడు. లక్షణ గ్రంథాల్లో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ‘సూర్యుడు అస్తమించాడు’ అనే వాక్యం. దాన్ని మన మాటల్లో ‘పొద్దు గూకింది’ అనుకోండి. ఆ మాట గొర్రెల కాపరి వింటే మందను మళ్ళించాలని అర్థం. పత్తి ఏరే ఆమెకు పని ఆపాలని అర్థం. కల్లు గీసే గౌడన్నకు సాయంత్రం చెట్టు ఎక్కే యాళ్ల అయిందని అర్థం. పట్నం నుంచి కొడుకు వస్తాడని వాకిట్లో కూర్చున్న తల్లికి, ఇవ్వాళ కూడా రాలేదని అర్థం. మాటలు మారలేదు, వినేవాళ్ళు మారారు. అందుకే కవితలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న ప్రశ్న తప్పనిసరి.

‘అందరికీ పంచంగ ఇంకా సగం మిగిలింది’ దగ్గరికి రండి. ఇందులో తట్టుకునేది ఏమీ లేదు. రొట్టె పంచారు, సగం మిగిలింది. కానీ పేద ఇంట్లో ఒక రొట్టె అందరికీ పంచితే మిగలడమేమిటి? తినేవాళ్ళు లేరు కాబట్టి మిగిలింది. కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు వలస పోయారన్న మాట కవితలో ఎక్కడా లేదు. మామూలుగా మిగలడం సమృద్ధికి గుర్తు, ఇక్కడ లేమికి గుర్తయింది. ముందు వచ్చిన తాళ్ళు, తలుపులు, ‘కూలి పోయిన ఊరు’ అన్నీ ఈ సగం రొట్టె కోసమే ఉన్నాయి. పై అలంకారాలను విడివిడిగా పేర్లు పెట్టి వదిలేసినవాళ్ళకు ఈ పాదం అందదు.

పరీక్షలో రాయడానికి

జవాబులో నాలుగు విషయాలు ఉంటే చాలు: అలంకారం పేరు, లక్షణం ఒక్క వాక్యంలో, ఇచ్చిన పాదంలో ఏ మాట ఉపమేయమో ఏది ఉపమానమో లాంటి సమన్వయం, దానివల్ల భావానికి కలిగిన లాభం. మొదటి రెండూ బట్టీ పట్టవచ్చు. సమన్వయం దగ్గరే చదివినవాడెవరో చదవనివాడెవరో తెలుస్తుంది, కాబట్టి ఎక్కువ సమయం దానికివ్వండి. అర్థాంతరన్యాసం, దృష్టాంతం రెండూ అడిగితే తికమక పడొద్దు. ఒక ప్రత్యేక విషయాన్ని లోకానికంతటికీ వర్తించే మాటతో సమర్థిస్తే అర్థాంతరన్యాసం. ‘ఆయన ఒక్కడే బండను పగలగొట్టి బాయి తవ్విండు, కష్టజీవికి లొంగని రాయి ఉంటదా’ అన్నది అదే. ఒక విషయం పక్కన దానికి నీడలాంటి ఇంకో విషయాన్ని, వేరే వాక్యంలో, ‘వలె’ లేకుండా నిలిపితే దృష్టాంతం.

కింది మూడింటినీ జవాబు చూడకముందే ప్రయత్నించండి.

ఒకటి: ‘వాన రాలే, రేగడి గుండె పగిలింది.’
రెండు: ‘గద్వాల చీర అంచు లెక్క పొద్దు మునుగుతున్నది.’
మూడు: ‘తంగెళ్ళు పసుపు రాసుకున్నయి.’

మొదటిదాంట్లో పగలడం నేలకు నిజమే, నల్లరేగడి ఎండితే నెర్రెలు బారుతుంది. గుండె మాత్రం తెచ్చిపెట్టింది. కాబట్టి చేతనారోపణ, ‘పగిలింది’ అనే క్రియ నేలకూ రైతు దుఃఖానికీ రెండింటికీ పనిచేస్తోంది. రెండోది ఉపమ. అయితే ఉపమేయం విషయంలో జాగ్రత్త. పొద్దును చీర అంచుతో పోల్చడం నేరుగా కుదరదు, పొద్దు మునిగేటప్పుడు ఆకాశం అంచున కనబడే జరీ రంగును పోల్చాలి. కవి ఉపమేయాన్ని సరిగ్గా చెప్పకపోవడం ఇక్కడ లోపమేనని నేనంటాను. మూడోది మానవీకరణ. ‘రాసుకున్నయేమో’ అని ఉంటే ఉత్ప్రేక్ష అయ్యేది. సమానధర్మం పసుపు రంగు. తంగేడు పూసేది బతుకమ్మ ముందర, పండుగకు పసుపు రాసుకుని తయారయ్యే ఆడబిడ్డ ఆ చెట్టు వెనక కనబడాలి. ఆ ఆడబిడ్డ మీ జవాబులో లేకపోతే మానవీకరణ అని పేరు రాసినా సమన్వయం పూర్తి కానట్టే.